మాల్టీస్ తేలికా, చెక్ తేలికా? మా పిన్ని అడిగిన ప్రశ్న

ఎప్పట్లాగే ఎపిసోడ్‌లో మాట్లాడిందంతా ఇక్కడ రాతలో పెడుతున్నాం. బస్సులో ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినవాళ్లు హాయిగా చదువుకోండి.

ఈ వారం టాపిక్ నాది కాదు, మా పిన్నిది. తాడేపల్లిగూడెంలో ఉంటుంది. ఇద్దరు కొడుకులు. పెద్దోడికి మాల్టాలో హోటల్ ఉద్యోగం మాట్లాడుతున్నారు. చిన్నోడేమో మాస్టర్స్‌కి చెక్ రిపబ్లిక్ వెళ్తానంటున్నాడు. మొన్న ఇంటికెళ్తే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. "ఒరే నాన్నా, ఉద్యోగం మానేసి ఈ కబుర్లు చెప్పుకుంటున్నావు కదా, నాకిది చెప్పు. ఆ రెండు భాషల్లో ఏది తేలిగ్గా వస్తుంది? ఒక్క ముక్క రాకుండా అంత దూరం పంపిస్తే, జ్వరం వచ్చిందని ఎవరితో చెప్పుకుంటాడు వాడు?"

నేను నవ్వేశాను. ఇంటికొచ్చాక నవ్వు పోయింది. ఎందుకంటే నా దగ్గర సమాధానం లేదు. కోడింగ్ చేసేరోజుల్లో నేను నాలుగైదు ప్రోగ్రామింగ్ లాంగ్వేజీలు నేర్చుకున్నాను, ఒక్క మనుషుల భాష కొత్తగా నేర్చుకోలేదు. అందుకే కూర్చుని తవ్వాను. తవ్వేకొద్దీ ఒక విషయం బయటపడింది: తెలుగువాడు ఈ రెండు భాషల్లో దేన్నీ సున్నా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. రెండింటి తాళాలూ మన ఇంట్లోనే ఉన్నాయి. ఎక్కడ పెట్టామో మర్చిపోయామంతే.

ముందు సైజు చూద్దాం. మాల్టా మొత్తం దేశం 316 చదరపు కిలోమీటర్లు. మన కొల్లేరు అభయారణ్యం 308. అంటే దాదాపు మన కొల్లేరంత జాగాలో ఒక దేశం, ఒక పార్లమెంటు, ఒక భాష. 2021 లెక్కల్లో అక్కడి జనాభా 5 లక్షల 20 వేలకు కాస్త తక్కువ. చెక్ రిపబ్లిక్ అలా కాదు. సుమారు 79 వేల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో సగం, జనం కోటి పైచిలుకు. ఈ రెండూ ఒకే రోజు, 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. ఆ రోజు నుంచి మాల్టీస్, చెక్ రెండూ యూనియన్ అధికార భాషలే, హోదాలో తేడా లేదు. ఈ పాయింట్ గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

ఇప్పుడు మాల్టీస్. మ్యాప్‌లో చూస్తే ఇటలీ కింద సముద్రంలో చుక్క. జనం ఎక్కువమంది కేథలిక్కులు. రాసేది ఇంగ్లీషులాగే రోమన్ లిపి. కానీ వ్యాకరణం ఎముకలు అరబిక్‌వి. 870లో అరబ్బులు ఆ ద్వీపాన్ని గెలిచారు. తర్వాత సిసిలీ నుంచి నార్మన్లు, ఆ తర్వాత సెయింట్ జాన్ నైట్స్, ఫ్రెంచివాళ్లు, బ్రిటిష్‌వాళ్లు. పాలకులు మారారు గానీ జనం నోట్లో ఆ అరబిక్ కొమ్మ అలాగే ఉండిపోయి, ఇటలీ మాటల్ని తిని పెరిగింది. ఈరోజు నిఘంటువు తీస్తే దాదాపు సగం మాటలు ఇటాలియన్, సిసిలియన్‌వి. కానీ క్రియలు, సర్వనామాలు, లెక్కలు లాంటి వెన్నెముకంతా పాత అరబిక్‌దే. అక్కడ కేథలిక్ చర్చిలో దేవుణ్ణి పిలిచేది "అల్లా" అనే. ఈస్టర్ ముందు వచ్చే ఉపవాస దినాలకి పేరు "రందాన్". రంజాన్ అన్న మాటే అది. మతం మారింది, మాట మారలేదు.

ఇందులో మనకేం సంబంధం అంటారా? సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎప్పుడైనా ఎక్కారా? గూడెంలో ఆగుతుంది, ఏలూరులో ఆగుతుంది. ఆ సర్కారు అన్న పేరు ఎక్కడిది? గోల్కొండ నవాబుల రోజుల్నించి మన ఏలూరు ఒక సర్కారు, అంటే పాలనా విభాగం. శిస్తు, కోర్టు, జైలు, లెక్కలు అన్నీ పారశీలో నడిచేవి. ఆ పారశీలో సగం అరబిక్ మాటలు. అలా అవి మన నోట్లోకి వచ్చి, ఇప్పుడు మనవే అయిపోయాయి. మా పిన్ని వాక్యమే చూడండి. "కబుర్లు చెప్పుకుంటున్నావు" అంది. కబురు అరబిక్ ఖబర్. మాల్టాలో టీవీ పెడితే వార్తలు వస్తాయి కదా, వార్తని వాళ్లు "అహ్బార్" అంటారు. అదే కబురు, చొక్కా మార్చుకుని.

"బాకీ వసూలు" అంటాం. కొల్లేరు చేపల చెరువుల దగ్గర రోజుకి పదిసార్లు వినిపించే మాట. బాకీ అంటే అరబిక్‌లో మిగిలింది. మాల్టీస్‌లో మిగతాదాన్ని "బ్ఈయా" అంటారు, అదే మూలం. వసూలు అంటే చేరడం. మాల్టీస్‌లో "వసల్" అంటే వచ్చి చేరాడు. మనకి డబ్బు చేరితే వసూలు, వాళ్లకి మనిషి చేరితే వసల్. జవాబుకి వాళ్ల చుట్టం "త్వెజీబా". సుల్తాను వాళ్లకి కూడా "సుల్తాన్", రాజు అని అర్థం. సైతాను "షితాన్". శుక్రవారం "జిమా", మన ఏలూరు మసీదుల్లో వినే జుమ్మా. ఇక హక్కు. "నా హక్కు" అని ధర్నాల్లో అరుస్తాం చూశారూ, అదే అరబిక్ మాట మాల్టీస్‌లో న్యాయం, రావాల్సింది అనే అర్థంలో ఉంది. రాసేటప్పుడు చివర్లో క్యూ అక్షరం రాస్తారు, పలికేటప్పుడు ఆ క్యూ దగ్గర గొంతు టక్కున మూసేస్తారు: "హఅ్" అని. ఎలా పలకాలో అర్థం కాలేదా? చిన్నపిల్ల పొయ్యి దగ్గరికి పోతుంటే "అ అ!" అని ఆపుతాం కదా. ఆ రెండు "అ"ల మధ్య గొంతు పట్టేస్తుంది చూడండి, మాల్టీస్ క్యూ అంటే ఆ పట్టే. బ్ఈయాలో కూడా మధ్యలో ఉన్నది అదే.

జాగ్రత్త, ఇందులో ఉచ్చులు కూడా ఉన్నాయి. పుస్తకాన్ని వాళ్లు "క్తీబ్" అంటారు, ఉర్దూ కితాబ్. "అయితే మనం కితాబిచ్చారు అంటాం, అదేనా?" అని నేను ఎగిరి గంతేశాను. కాదు. మన కితాబు ఖితాబ్ నుంచి వచ్చింది, అంటే బిరుదు. వేరే మాట, వేరే ధాతువు. పోలిక కనపడగానే చుట్టరికం కలిపేయకూడదు.

క్తీబ్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే మాల్టీస్ ఇంజిన్ అంతా ఇక్కడే ఉంది. క, త, బ అనే మూడు హల్లులు తీసుకోండి. మధ్యలో అచ్చులు మారుస్తూ పొండి. "కితెబ్" అంటే రాశాడు. "క్తీబ్" పుస్తకం. "కొత్బా" పుస్తకాలు. "కిత్తీబ్" రచయిత. "మిక్తూబ్" రాయబడింది. మన తెలుగు అలా చెయ్యదు. మనం మాట వెనకాల బోగీలు తగిలిస్తూ పోతాం: రాయి, రాయించు, రాయించా, రాయించాను. వాళ్లు బోగీలు తగిలించరు, ఇంజిన్ లోపల పార్టులు మారుస్తారు. పైగా మనకి "ఎవరు" అన్నది క్రియ చివర్లో ఉంటుంది: రాస్తాను, రాస్తావు, రాస్తాడు. వాళ్లకి అది ముందుకొచ్చేస్తుంది: "నిక్తెబ్" రాస్తాను, "తిక్తెబ్" రాస్తావు, "యిక్తెబ్" రాస్తాడు. ఆమె రాస్తుంది అన్నా "తిక్తెబ్"యే. నువ్వా, ఆమెనా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

నాకు బాగా నచ్చింది ఇంగ్లీషు మాటల్ని వాళ్లు వాడే పద్ధతి. మనం "బండి పార్క్ చేశాను" అంటాం. పార్క్‌ని ముట్టుకోం, పక్కన "చేశాను" నిలబెడతాం. వాళ్లు ఆ పార్క్‌నే పట్టుకుని మాల్టీస్ క్రియ చేసేశారు. "నిప్పార్క్యా" పార్క్ చేస్తాను, "తిప్పార్క్యా" పార్క్ చేస్తావు, "యిప్పార్క్యా" పార్క్ చేస్తాడు. వెయ్యేళ్ల కిందటి అరబిక్ మెషీన్‌లో కారు పార్కింగ్ వేసి తిప్పుతున్నారు, ఆడుతోంది! మా తమ్ముడికి చెప్తే "మనవాళ్లు ఇలా చేస్తే తెలుగు పాడైపోయిందని వ్యాసాలు రాసేవాళ్లు" అన్నాడు. నిజమే కదా.

సరే, చెక్‌కి వద్దాం. మీకు చెక్ మాట ఒకటి ఆల్రెడీ వచ్చు. రోబో. రజనీకాంత్ సినిమా కాదండీ, అసలు మాట. 1920లో కరెల్ చాపెక్ అనే చెక్ రచయిత ఒక నాటకం రాశాడు. అందులో పనిచేసే కృత్రిమ మనుషులకి పేరు కావాల్సొస్తే వాళ్లన్న యోసెఫ్ "రోబోత్" అని సూచించాడు. చెక్‌లో "రొబొత" అంటే జమీందారు పొలంలో జీతం లేకుండా చేసే పని. మన భాషలో ఒక్క ముక్కలో వెట్టిచాకిరీ. ఇంకో చెక్ వస్తువు మీ ఇంట్లో గుమ్మం దగ్గర ఉండే ఉంటుంది. బాటా చెప్పులు. 1894లో చెక్ ఊరు జ్లీన్‌లో మొదలైన కంపెనీ అది.

మాల్టీస్ తాళం ఉర్దూ దారిలో వచ్చిందనుకున్నాం. చెక్ తాళం సంస్కృతం దారిలో వచ్చింది. చెక్, సంస్కృతం రెండూ ఇండో యూరోపియన్ కుటుంబమే, దూరపు అక్కచెల్లెళ్లు. మనం ఆ ఇంటివాళ్లం కాదు, ద్రావిడులం. కానీ వేల సంస్కృతం మాటలు అప్పు తెచ్చుకుని ఇంట్లో పెట్టుకున్నాం. ఇప్పుడు వినండి. రెండు "ద్వ". మూడు "త్రి"లో ర పక్కన కాస్త ష కలిపినట్టు. పది "దెసెత్", దశ. పొగ "దీమ్", ధూమం. చీకటి "త్మ", తమస్సు. ఆకాశం "నెబె", నభం. తేనె "మెద్", మధువు. నిప్పు "ఒహెఞ్", అగ్ని. రోజు "దెన్", దినం. భర్త చనిపోయిన ఆడమనిషి "వ్దొవ", విధవ. ఈ మాట మన ఊళ్లలో తిట్టుగా మారింది, వాళ్లకి అది మామూలు మాటే.

ఇక ఉచ్చారణ. చెక్ అంటే యూరప్‌లో అందరూ భయపడేది అచ్చుల్లేని మాటలకి. "స్తృచ్ పృస్త్ స్కృస్ కృక్." వేలు గొంతులోకి దూర్చు అని అర్థం. వాళ్ల పిల్లలు నాలుక తిరగడానికి చెప్పుకునే వాక్యం. ఇంగ్లీషువాడు దీన్ని చూసి పారిపోతాడు, ఒక్క అచ్చు లేదని. నేను తెలుగులో రాసేశాను చూడండి. ఎలా? మనకి ఋ ఉంది కాబట్టి, వట్రసుడి ఉంది కాబట్టి. కాకపోతే మనం కృష్ణని "క్రుష్ణ" అంటాం, ఆ ఉ కలపకుండా ర మీదే నిలబడాలి. ఇంకా ఉంది. తోడేలుని చెక్‌లో వ, ల, క మూడే కలిపి అంటారు, ల మీద నిలబడి. తెలుగులో ఎలా రాస్తాం? ఒకటో తరగతిలో నేర్పి మళ్లీ జన్మలో కనపడని ఌ గుర్తుందా? అదే శబ్దం. సంస్కృతంలో తోడేలు వృకం. భీముణ్ణి వృకోదరుడు అనేది అందుకే, తోడేలు కడుపువాడని. ఒహెఞ్ చివర ఉన్న ఞ కూడా అంతే. మన వర్ణమాలలో రిటైరైన అక్షరాలన్నిటికీ ప్రాగ్‌లో ఉద్యోగాలు దొరికాయన్నమాట.

దీర్ఘాలు, హ్రస్వాలు మనకి పుట్టుకతో వచ్చినవి. పడు వేరు, పాడు వేరు. చెక్‌లో "బిత్" అంటే ఇల్లు, అదే అపార్ట్‌మెంట్. "బీత్" అంటే ఉండటం. త, ద కూడా ఇంగ్లీషు ట, డల్లా కాదు, మన త, దలే. ఒక్క శబ్దం మాత్రం నన్ను రెండు వారాలు ఏడిపించింది. సంగీతకారుడు ద్వోర్జాక్ పేరులో ఉంటుంది, ర పలుకుతూనే జ లాంటి గరగర కూడా రావాలి. నాకిప్పటికీ రాదు. మా అమ్మ పక్కగదిలోంచి "మిక్సీ ఆపరా" అంది.

చెక్‌లో అసలు యుద్ధం విభక్తులతో. ఏడు. "డు ము వు లు ప్రథమా విభక్తి" అని బడిలో పాడాం కదా, వాళ్లూ అలాగే నంబర్లు వేసి బట్టీ పడతారు. ఎవరు, ఏమిటి, ఎవరిని, ఎవరికి అని ప్రశ్నలతో. ప్రాగ్‌ని వాళ్లు "ప్రహ" అంటారు. ప్రాగ్‌కి అంటే "దొ ప్రహి". ప్రాగ్‌ని అంటే "ప్రహు". ప్రాగ్‌లో అంటే "ప్రజె", జెడ్ శబ్దంతో. "ఏంటి, ఊరి పేరే మారిపోతుందా?" అని చిన్నోడు బెంబేలెత్తాడు. ఒరే, నువ్వు కొల్లేటికోట అనట్లేదా? పెద్దింట్లమ్మ గుడికి వెళ్లినప్పుడు కొల్లేరుకోట అన్నావా ఎప్పుడైనా? కొల్లేరు, కొల్లేటి. ఏరు, ఏటికి. ఇల్లు, ఇంట్లో. నోరు, నోట్లో. ఊరు, ఊళ్లో. మాట లోపలి అక్షరం మారిపోవడం మనకి కొత్తేం కాదు, ఎవరూ అడగలేదు కాబట్టి మనం గమనించలేదు. పిలిచేటప్పుడు పేరు చివర మారడం కూడా ఉంది. "పెత్ర్" అనేవాణ్ణి పిలిస్తే చివర ఎ చేరుతుంది. మనం తమ్ముణ్ణి "తమ్ముడూ" అని, పిల్లని "పిల్లా" అని సాగదీసినట్టు. చివరికి "రాస్తున్నా" వేరు "రాసేశా" వేరు అన్న తేడా కూడా వాళ్ల క్రియల్లో ఉంది. "ప్సాత్" రాస్తూ ఉండటం, "నప్సత్" రాసెయ్యడం.

మనకి నిజంగా కష్టమయ్యేది లింగం. తెలుగులో కొత్త ఇల్లు, కొత్త పుస్తకం, కొత్త ఊరు. కొత్త మారదు. చెక్‌లో "నొవీ దూమ్", "నొవా క్నిహ", "నొవే మ్యెస్తొ". ఇల్లు మగ, పుస్తకం ఆడ, ఊరు నపుంసకం. ఎందుకు అని అడక్కండి. "నేను ఉన్నాను" అని జరిగిపోయినదాని గురించి అబ్బాయి చెప్తే ఒకలా, అమ్మాయి చెప్తే ఒకలా. హిందీ వచ్చినవాళ్లు కాస్త తట్టుకుంటారు. ఇంకో చిన్న ప్రమాదం: అవుననడానికి చెక్‌లో "అనొ". మాటల్లో దాన్ని కుదించి "నొ" అంటారు. ఓనర్‌ని "రూమ్ ఖాళీ ఉందా" అని అడిగితే "నొ, నొ" అంటాడు. వెళ్లిపోకండి. ఉందనే చెప్తున్నాడు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. కొందరు సంస్కృతం మాటలు ఏరేసి అచ్చ తెలుగు రాయాలంటారు, కొందరు ఉర్దూ మాటలు ఏరేయాలంటారు. రెండూ ఏరేస్తే మా తమ్ముళ్లిద్దరి తాళాలూ పోతాయి. ధూమం, బాకీ రెండూ మనింటికి పెళ్లి చేసుకుని వచ్చిన మాటలు. పుట్టింటి దారి వాటికి తెలుసు.

ఈ రెండు భాషలకీ ఒక కామన్ కథ ఉంది, అది మన కథ కూడా. 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో చెక్ పెద్దలు ఓడిపోయాక రెండు శతాబ్దాలు చదువు, ఆఫీసు జర్మన్‌కి జారిపోయాయి. చెక్ పొలాల్లో, వంటింట్లో మిగిలింది. 1809లో దొబ్రొవ్‌స్కీ వ్యాకరణం రాశాడు, 1830ల్లో యుంగ్‌మన్ అయిదు సంపుటాల నిఘంటువు తెచ్చాడు. కానీ దొబ్రొవ్‌స్కీ నమూనాగా తీసుకున్నది జనం మాట కాదు, రెండొందల ఏళ్ల కిందటి పాత గ్రంథాల భాష. దాంతో ఈరోజుకీ చెక్‌లో రాసేది ఒకటి, మాట్లాడేది ఒకటి. కిటికీ పుస్తకంలో "ఒక్నొ", ప్రాగ్ వీధిలో "వొక్నొ". ఒకటి అని రాసి వొకటి అనే మనకి ఇది కొత్తా? మన దగ్గర ఈ గొడవని వీధికి లాగినవాడు గిడుగు రామమూర్తి పంతులుగారు. మాట్లాడే భాషలోనే రాయండి అని జీవితమంతా పోరాడారు కాబట్టే నేనిలా మాట్లాడింది మాట్లాడినట్టు రాయగలుగుతున్నాను.

మాల్టాలో అయితే ఇటాలియన్ పెద్దల భాష, మాల్టీస్ వంటింటి భాష. 1920లో రచయితలంతా ఒక సంఘం పెట్టుకుని, 1924లో ఒక అక్షరమాల ఖాయం చేశారు. 1934లో మాల్టీస్ అధికార భాషయింది. 2004లో యూనియన్ భాష. దీనికి కంప్యూటర్ సంగతి ఒకటి జోడిస్తాను, నా పాత వృత్తి కాబట్టి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి మాల్టీస్ 2009లో వచ్చింది. తెలుగు 2011లో. 5 లక్షల మంది భాష ముందు, 8 కోట్ల మంది భాష తర్వాత! ఆ రోజుల్లో అనువాద సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంటే ఒకే విషయం రెండు భాషల్లో పక్కపక్కన కుప్పలుగా ఉండాలి. యూనియన్ చట్టాలు, కాగితాలు మాల్టీస్‌లోకి అనువాదం అవ్వాల్సిందే, రూలు. మన దగ్గర ఆ కుప్ప లేదు. మాట్లాడేవాళ్లు ఎంతమందని మెషీన్ అడగదు, రాసిందెంత అని అడుగుతుంది.

ఇప్పుడు మన జిల్లా మ్యాప్ తీయండి. కింద కొల్లేరు. పైకి వెళ్తే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి. ఇంకా పైన, 2014లో ఖమ్మం నుంచి మనలో కలిసిన కుక్కునూరు, వేలేరుపాడు. అక్కడ కోయవాళ్లున్నారు. వాళ్ల భాష కోయ, గోండీకి దగ్గరది. భాషాశాస్త్రంలో తెలుగు, కోయ రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖే. అంటే సంస్కృతంలా, ఉర్దూలా కాదు, ఇది రక్తసంబంధం. కోయలో నీళ్లని "ఏర్" అంటారు. కొల్లేరు ఒడ్డున పుట్టిన నాకు ఆ మాట విన్నప్పుడు ఒళ్లు జలదరించింది. 2011 లెక్కల్లో దేశం మొత్తం మీద కోయ మా మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల పైచిలుకు. మాల్టా జనాభాకి పెద్ద తేడా లేదు కదా? అక్కడ పార్లమెంటు, టీవీ ఆ భాషలో ఉన్నాయి. ఇక్కడ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో ఉన్న 22 భాషల్లో కోయ లేదు. 2000 దశకంలో మన ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకి పాఠాలు తయారు చేసింది, అందులో కోయ ఉంది. అది మంచి పనే. కానీ పోలవరం ముంపులో ఊళ్లు చెల్లాచెదురైతే ఆ పాఠం ఎవరికి చెప్తారు? గిడుగుగారు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారని మనలో ఎంతమందికి తెలుసు? ఆగస్టు 29న ఆయన ఫొటో స్టేటస్ పెట్టేవాళ్లు ఈ సగం కథ కూడా పెట్టాలి. ప్రాగ్‌లో కమిల్ జ్వెలెబిల్ అనే చెక్ పండితుడు తమిళం నేర్చుకుని, నీలగిరుల్లో ఇరుళ భాష మీద పుస్తకాలు రాశాడు. నేను ఏలూరులో పుట్టి కోయలో పది మాటలు నేర్చుకోలేదు. సిగ్గుగానే ఉంది.

సరే, పిన్ని ప్రశ్న. మొదలుపెట్టడానికి మాల్టీసే తేలిక. నాలుగు మాటలకే ఆ ద్వీపంవాళ్లు ముచ్చటపడతారు. ప్రతి వాక్యం ముందూ "మేలా" అంటే సగం మాల్టీస్ వచ్చినట్టే, మన "మరి" లాంటిది. కానీ నిజంగా నేర్చుకోవడం కష్టం, ఎందుకంటే అక్కడ ఇంగ్లీషు కూడా అధికార భాషే. నువ్వు తడబడగానే అవతలివాడు ఇంగ్లీషులోకి వచ్చేస్తాడు. పదేళ్లుండి కూడా మాల్టీస్ రాకుండా తిరిగి రావచ్చు. చెక్ మొదట్లో కొరకరాని కొయ్య. కానీ ప్రాగ్ దాటి చిన్న ఊళ్లోకి వెళ్తే కూరగాయల కొట్లో అది తప్పదు, తప్పదు కాబట్టి వస్తుంది. డబ్బు లెక్క కూడా ఉంది చిన్నోడా: అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో చెక్ భాషలో చదివితే ఏ దేశంవాడికైనా ట్యూషన్ ఫీజు లేదు. ఇంగ్లీషులో చదివితే ఉంది. శాశ్వత నివాసానికి కూడా చెక్ పరీక్ష పాసవ్వాలి. పెద్దోడా, నువ్వు ఇంగ్లీషు గట్టి చేసుకుని, రోజుకి అయిదు మాల్టీస్ మాటలు పట్టు.

ఆ జ్వరం సంగతి కూడా ఇద్దరికీ రాసిచ్చాను, ఫోన్‌లో వాల్‌పేపర్ పెట్టుకున్నారు. చెక్‌లో "మామ్ హొరెచ్కు". హొర్కీ అంటే వేడి, మన ఘర్మజలంలో ఉన్న ఘర్మానికి చుట్టం. మాల్టీస్‌లో "ఆందీ ద్దేనీ". ఇక్కడ ఒక చిన్న ముచ్చట. ఇంగ్లీషుకీ చెక్‌కీ "కలిగి ఉండటం" అనే క్రియ ఉంది. తెలుగుకి లేదు, మనం నాకుంది, నా దగ్గరుంది అంటాం. మాల్టీస్‌కీ లేదు. "ఆందీ" అంటే అచ్చంగా నా దగ్గర అనే. పిన్నికి చదివి వినిపిస్తే, "నా దగ్గర జ్వరం ఉంది అంటారా వాళ్లు? పాపం, దాచుకున్నట్టు!" అని పడీపడీ నవ్వింది. తర్వాత లోపలికెళ్లి పారాసిటమాల్ స్ట్రిప్పులు రెండు తెచ్చి పెద్దోడి సూట్‌కేసులో పెట్టింది.

వచ్చే వారం కెమెరా పట్టుకుని బుట్టాయగూడెం వెళ్తున్నాం. కోయ మాటలు పది నేర్చుకుని, తప్పులతో సహా పెడతాను. ఉంటాను మరి.